రెండో సంవత్సరంలో 58 వస్తే టూ-వన్ పోయినట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంఈసీలో 1000కి 968 తెచ్చుకుంది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో బిజినెస్ మేనేజ్‌మెంట్‌లో మూడేళ్ల ఆనర్స్ డిగ్రీ చదువుతోంది. రెండో సంవత్సరం రిజల్ట్స్ వచ్చాయి. ఆరు సబ్జెక్టుల్లో 64, 62, 61, 59, 57, 45. యావరేజ్ 58. ఎప్పుడూ 90కి తగ్గని పిల్లకి ఈ మార్కులు చూసి నాకు నిద్ర పట్టడం లేదు. 45 వచ్చిన పరీక్ష జనవరిలో జ్వరంతో రాసిందట, ఇప్పుడు చెబుతోంది. ఫస్టియర్ మార్కులు అసలు లెక్కలోకి రావంటోంది. మా ఆడపడుచు కొడుకు అక్కడే మాస్టర్స్ చేశాడు. అన్ని మార్కులూ లెక్కే, 50 పాస్ మార్కు, ఇక టూ-వన్ (అప్పర్ సెకండ్ క్లాసు) రాదు, టూ-వన్ లేకపోతే ఉద్యోగమూ రాదు అంటున్నాడు. ఆ 45 వచ్చిన పేపరు మళ్లీ రాసుకోవచ్చా? నేను యూనివర్సిటీకి మెయిల్ పెట్టనా? వచ్చే జూలైలో గ్రాడ్యుయేషన్‌కి రమ్మంటోంది. క్లాసు ఏం వస్తుందో తెలియకుండా వీసాకి అప్లై చేయొచ్చా? – ఒక తల్లి, ఏలూరు

సమాధానం: అమ్మా, ముందు మీకు నిద్ర పట్టే మాట చెబుతాను. టూ-వన్ ఎక్కడికీ పోలేదు. చాలా యూనివర్సిటీల లెక్క ప్రకారం మీ అమ్మాయికి మూడో సంవత్సరంలో 61 యావరేజ్ వస్తే చాలు. పోయిన ఏడాది ఆరింట్లో మూడు సబ్జెక్టుల్లో 61, ఆపైన తెచ్చుకున్న పిల్లకి అది అందని మార్కు కాదు.

మీ మేనల్లుడు అబద్ధం చెప్పలేదు. తను చదివిన కోర్సు సంగతి చెప్పాడు, అంతే. మన తెలుగు పిల్లల్లో బ్రిటన్ వెళ్లేవాళ్లు ఎక్కువగా మాస్టర్స్‌కే వెళ్తారు కాబట్టి మనకి అందే సలహాలన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి. అక్కడ మాస్టర్స్‌లో 50 పాస్, 60కి మెరిట్, 70కి డిస్టింక్షన్. ఉన్నది ఒకటే ఏడాది కనుక దాదాపు అన్ని మార్కులూ లెక్కలోకి వస్తాయి. డిగ్రీ లెక్క వేరు. అక్కడ 40 పాస్ మార్కు. 40 నుంచి 49 దాకా థర్డ్, 50 నుంచి 59 దాకా లోయర్ సెకండ్, 60 నుంచి 69 దాకా అప్పర్ సెకండ్, 70 ఆపైన ఫస్ట్. లోయర్ సెకండ్‌ని టూ-టూ అనీ, అప్పర్ సెకండ్‌ని టూ-వన్ అనీ అంటారు. ఇక ఆనర్స్ అన్నది అక్కడ ప్రత్యేకమైన గొప్ప కాదు. మన దగ్గర కొత్త విధానంలో నాలుగో ఏడాది కూడా చదివితే ఆనర్స్ ఇస్తున్నట్టు కాకుండా, ఇంగ్లండ్‌లో మామూలు మూడేళ్ల డిగ్రీనే ఆనర్స్ డిగ్రీ. స్కాట్లండ్‌లో అయితే దానికి నాలుగేళ్లు పడుతుంది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. అసలు గుట్టంతా ఇక్కడే ఉంది.

ఒక్కో సబ్జెక్టు బరువుని క్రెడిట్లలో చెబుతారు. మూడేళ్లకీ కలిపి 360 క్రెడిట్లు, ఏడాదికి 120. మన బీటెక్ పిల్లల సీజీపీఏలో అన్ని సెమిస్టర్లనీ క్రెడిట్ల ప్రకారం ఒకేలా కలిపేస్తారు. ఇంగ్లండ్‌లో అలా కాదు, ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం వెయిటేజీ వేరు. మొదటి ఏడాది చాలాచోట్ల పాసైతే చాలు, ఆ మార్కులు క్లాసు లెక్కలోకి రావు. మీ అమ్మాయి ఆ మాట తప్పించుకోవడానికి అనలేదు, నిజమే చెప్పింది. ఇక రెండో ఏడాదికి మూడింట ఒక వంతు, మూడో ఏడాదికి మూడింట రెండు వంతులు ఇచ్చేవాళ్లు ఎక్కువ. 40:60 ఇచ్చేవాళ్లున్నారు, 25:75 ఇచ్చేవాళ్లున్నారు, రెండేళ్లనీ సమానంగా చూసేవాళ్లూ ఉన్నారు. దేశమంతటికీ ఒకే సూత్రం లేదు. ప్రతి యూనివర్సిటీ తన రెగ్యులేషన్స్ తనే రాసుకుంటుంది. ఒకే మార్కులున్న ఇద్దరు పిల్లలు రెండు ఊళ్లలో రెండు వేర్వేరు క్లాసులతో బయటికి రావడం అక్కడ మామూలే. నాకిది అన్యాయంగానే కనిపిస్తుంది, కానీ ఉన్న పద్ధతి అది.

మీ అమ్మాయి మార్కులతోనే చూడండి. ఒకటికి రెండు వెయిటేజీ అయితే, 58కి మూడో ఏడాది యావరేజ్‌ని రెండుసార్లు కలిపి మూడుతో భాగించాలి. మొత్తం 60 రావాలంటే మూడో ఏడాది 61 కావాలి. 40:60 అయితే 61.3 దాకా కావాలి. రెండేళ్లూ సమానమైతే 62. 25:75 అయితే 60.7 సరిపోతుంది. తేడా ఒకటిన్నర మార్కు లోపే. అదే ఫస్ట్ క్లాస్ రావాలంటే ఒకటికి రెండు లెక్కలో మూడో ఏడాది యావరేజ్ 76 రావాలి. అంత కష్టమైన దానికి ఇప్పటినుంచి ఆశ పెట్టుకోవద్దని నా సలహా. అందుకునే లక్ష్యం టూ-వన్, ఈ ఏడాది దానిమీదే దృష్టి పెట్టమనండి.

క్రెడిట్ల సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే పిల్లలు కూడా దీన్ని ఆలస్యంగా గుర్తిస్తారు. రెండో ఏడాది ఒక్కో సబ్జెక్టు 20 క్రెడిట్లు అనుకుందాం. మూడో ఏడాదిలో డిసర్టేషన్, అంటే సొంతంగా రాసే పెద్ద పరిశోధన వ్యాసం, చాలా కోర్సుల్లో 40 క్రెడిట్లు, మిగతా నాలుగు సబ్జెక్టులు 20 చొప్పున. మీ అమ్మాయికి ఆ నాలుగింట్లో 62, 60, 59, 58 వచ్చాయనుకోండి. డిసర్టేషన్‌లో 66 వస్తే మూడో ఏడాది యావరేజ్ 61.8, డిగ్రీ మొత్తం మీద 60.6, అంటే టూ-వన్. అదే డిసర్టేషన్‌లో 58 వస్తే మూడో ఏడాది 59.2, మొత్తం 58.8, అంటే టూ-టూ. మిగతా మార్కులేవీ మారలేదు, ఒక్క డిసర్టేషన్‌లో ఎనిమిది మార్కుల తేడా, అంతే. ఈ లెక్కలో రెండో ఏడాది సబ్జెక్టులు నాలుగు కలిపితే ఎంత బరువో డిసర్టేషన్ ఒక్కటీ అంత. మీరు తలచుకుని బాధపడుతున్న ఆ 45 పేపరు మొత్తం డిగ్రీలో పద్దెనిమిదో వంతు. డిసర్టేషన్ ఇంచుమించు నాలుగో వంతు. ఆందోళన పడేదేదో దాని గురించి పడండి.

హద్దు మీద ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంటుంది. 59.5 వస్తే 60గా తీసుకునే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. కొన్నిచోట్ల అంతకంటే కిందికి కూడా వెసులుబాటు ఉంటుంది. మొత్తం యావరేజ్ 58 గానీ 59 గానీ దాటి, కనీసం సగం క్రెడిట్లలో 60, ఆపైన మార్కులుంటే పై క్లాసు ఇస్తారు. పై లెక్కలోనే డిసర్టేషన్‌కి 60 వేసి చూడండి. మొత్తం 59.2 వస్తుంది, టూ-వన్‌కి చాలదు. కానీ మూడో ఏడాది 120 క్రెడిట్లలో 80 క్రెడిట్లు 60 ఆపైనే ఉన్నాయి, రెండో ఏడాది కూడా 60 క్రెడిట్లున్నాయి. ఆ నిబంధన ఉన్న యూనివర్సిటీ అయితే టూ-వన్ ఇచ్చేస్తుంది, లేని యూనివర్సిటీ టూ-టూ దగ్గర ఆపేస్తుంది. అందుకే మీ అమ్మాయి ముందుగా చేయాల్సిన పని తను చేరిన సంవత్సరానికి వర్తించే రెగ్యులేషన్స్ తెరిచి చదవడం. చేరిన సంవత్సరం అని ఎందుకంటున్నానంటే రూల్స్ మారుతుంటాయి, సీనియర్లు చెప్పే లెక్క ఈమెకి వర్తించకపోవచ్చు.

దీన్ని ఎవరినైనా బతిమాలి సాధించుకోవచ్చనుకోకండి. క్లాసు నిర్ణయించే బోర్డు ఎక్కువగా జూన్‌లో కూర్చుంటుంది. నేను కూర్చునే బోర్డుల్లో తెర మీద పేర్లు కూడా ఉండవు. విద్యార్థి నంబర్లు, మార్కులు, కంప్యూటర్ లెక్కకట్టిన యావరేజ్, దాని పక్కన క్లాసు, అంతే. వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పక్కనే ఉంటారు. పూర్వం ఈ పిల్ల బాగా చదువుతుంది, ఒక్క మార్కు చూద్దాం అనే వాదనలు నడిచేవి. ఇప్పుడు రూల్ ఏం చెబితే అదే. మంచి మార్పనే అంటాను. ఆ పాత వాదనల్లో లాభపడేది టీచర్ల కళ్లలో పడిన పిల్లలే తప్ప వెనక బెంచీలో నోరు మెదపకుండా కూర్చునేవాళ్లు కారు. పరాయి దేశం నుంచి వచ్చిన మన పిల్లలు చాలామంది ఆ వెనక బెంచీ వాళ్లే.

ఇక 45 పేపరు. మళ్లీ రాయడం కుదరదు. మన దగ్గర ఇంటర్‌లో పాసైనవాళ్లు కూడా మార్కులు పెంచుకోవడానికి ఇంప్రూవ్‌మెంట్ రాస్తారు కదా, అక్కడ ఆ పద్ధతి లేదు. పాసైన పేపరుని మార్కుల కోసం మళ్లీ రాయనివ్వరు. ఫెయిలైతే రీసిట్ ఉంటుంది, కానీ ఎంత బాగా రాసినా మామూలుగా 40 మార్కులే వేస్తారు. అంటే పేపరు సరిగ్గా రాయలేదనిపిస్తే కావాలని ఫెయిలవుదామనే తెలివి అక్కడ పనికిరాదు.

జ్వరం సంగతి అప్పుడే చెప్పి ఉంటే దారి ఉండేది. పరీక్షల సమయంలో జబ్బు చేసినా, ఇంట్లో ఎవరైనా పోయినా ఆధారాలతో అప్లికేషన్ పెడితే దాన్ని పరిశీలిస్తారు. ఒప్పుకుంటే జ్వరంతో రాసిన ఆ మార్కుని పక్కన పెట్టి, మొదటిసారి రాసినట్టుగానే పూర్తి మార్కులకి మళ్లీ పరీక్ష పెడతారు. జబ్బు చేసిందని మార్కులు కలపడం మాత్రం మామూలుగా ఉండదు. దీనికి గడువు ఉంటుంది, అది పరీక్షలైన కొద్ది రోజులకే అయిపోతుంది. ఎనిమిది నెలల తర్వాత అడిగితే, అప్పుడెందుకు చెప్పలేదనే ప్రశ్నకి గట్టి జవాబు ఉండాలి. తెలియలేదు, మొహమాటపడ్డాను అంటే ఒప్పుకోరు. జనవరిలో డాక్టర్‌కి చూపించుకున్న కాగితం ఏదైనా ఉంటే ఒకసారి అడగమనండి, నష్టమేం లేదు. దాని మీద ఆశ మాత్రం పెట్టుకోవద్దు. ఈ ఏడాది ఒంట్లో బాగోకపోతే అదే రోజు డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టమని చెప్పండి. అమ్మ కంగారు పడుతుందని దాచే పిల్లలు యూనివర్సిటీ దగ్గర కూడా దాచేస్తారు. ఈ విషయంలో మీరు కొంచెం కంగారు తగ్గించుకుంటే ఆమె నోరు విప్పడం తేలికవుతుంది.

అప్పీలు గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. మార్కులు కలపడంలో పొరపాటు జరిగినా, పద్ధతి పాటించకపోయినా అప్పీలు చేయొచ్చు. లోపల తేలకపోతే ఇంగ్లండ్, వేల్స్ విద్యార్థుల ఫిర్యాదులు వినే స్వతంత్ర సంస్థ ఒకటి ఉంది. కానీ ఈ జవాబుకి 57 కాదు 62 వేయాల్సింది అనే వాదన ఎక్కడా నిలబడదు. జవాబు విలువ కట్టడం పరీక్షకుల పని, అందులో ఆ సంస్థ కూడా వేలు పెట్టదు. మన రీవాల్యుయేషన్ లాంటిది అక్కడ లేదనే అనుకోండి.

968 తెచ్చుకున్న పిల్లకి 58 ఏమిటన్నది మీ అసలు బాధ. ఇంటర్‌లో 98 రావాలంటే తప్పు లేకుండా రాయాలి. అక్కడి వ్యాసాల్లో తప్పు లేకుండా రాస్తే 58 వస్తుంది. మీకు విడ్డూరంగా ఉండొచ్చు, ఒక ఉదాహరణ చెబుతాను. జర్మనీ నుంచి వచ్చిన ఆల్డి, లిడిల్ అనే చౌక ధరల సూపర్‌మార్కెట్లు 1990లలో బ్రిటన్‌లో దుకాణాలు తెరిచాయి. 2022లో ఆల్డి అక్కడి నాలుగో పెద్ద సూపర్‌మార్కెట్ అయింది. దీనివల్ల పోటీ ఎలా మారిందో వివరించమని అడిగారనుకోండి. మన పిల్లలు పోటీకి సంబంధించి క్లాసులో చెప్పిన అయిదు అంశాలనీ వరసగా తీసుకుని, ఒక్కోదానికి ఒక పేరా రాసి, ఒక్కో పేరాకి ఒక ఉదాహరణ ఇచ్చి, చివర కాబట్టి పోటీ పెరిగింది అని ముగిస్తారు. అందులో తప్పేమీ లేదు, 56కీ 58కీ మధ్య వస్తుంది. 64 వచ్చిన వ్యాసం ఆ అయిదింటినీ సమానంగా చూడదు. జనానికి ఒక దుకాణం వదిలి ఇంకో దుకాణానికి వెళ్లడానికి ఖర్చేమీ లేదు, అసలు దెబ్బ అక్కడ తగిలింది, మిగతా నాలుగూ దాని తర్వాతే అని మొదటి పేజీలోనే ఒక పక్షం తీసుకుంటుంది. తర్వాత దాన్ని నిలబెట్టుకుంటుంది, ఎదుటి వాదన కూడా విని జవాబు చెబుతుంది. 70 దాటాలంటే చెప్పింది రాయడమే కాక సొంతంగా చదివి, ఆ అయిదు అంశాల నమూనాలోనే లోపం ఎక్కడుందో పట్టుకోవాలి. గణితం, ఇంజనీరింగ్‌లో 90లు కూడా వస్తాయి కానీ వ్యాసాలు రాసే సబ్జెక్టుల్లో 80 దాటడం అరుదు. పైన ఇరవై మార్కులు ఉన్నా వాటి జోలికి దాదాపు ఎవరూ వెళ్లరు.

మన చదువుల్లో పుస్తకంలో ఉన్నదాన్ని కాదనకూడదు. అక్కడ కాదనకపోతేనే మార్కులు తగ్గుతాయి. మీ అమ్మాయికి తెలివి తగ్గలేదు, ఈ అలవాటు ఇంకా పట్టుబడలేదు. పోయిన ఏడాది వ్యాసాలన్నిటి మీదా టీచర్లు రాసిన వ్యాఖ్యలు ఉంటాయి. మార్కు చూసుకుని వాటిని చదవకుండా వదిలేస్తారు పిల్లలు. 57, 59 వచ్చిన రెండు వ్యాసాల మీద ఏం రాశారో తీసి చదవమనండి. వర్ణన ఎక్కువ, విశ్లేషణ తక్కువ అనే అర్థం వచ్చే వాక్యం రెండింట్లోనూ ఉంటుందని పందెం కాస్తాను.

ఉద్యోగాల సంగతికొస్తే, మీ మేనల్లుడి మాట సగం నిజం. పెద్ద కంపెనీల గ్రాడ్యుయేట్ ఉద్యోగాలకి టూ-వన్ అడగడం చాలాకాలంగా ఉంది, ఇప్పటికీ చాలామంది అడుగుతున్నారు. కానీ బ్రిటన్‌లో ఈవై 2015లోనే ఆ నిబంధన తీసేసింది, పీడబ్ల్యూసీ 2022లో తీసేసింది. మాస్టర్స్ సీట్లకి టూ-వన్ అడిగేవాళ్లే ఎక్కువ, టూ-టూకి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. చదువయ్యాక అక్కడ ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాకి క్లాసుతో పనిలేదు, డిగ్రీ పాసైతే చాలు. ఒక ముఖ్యమైన విషయం మాత్రం పిల్లలు మరిచిపోతారు. ఆ కంపెనీలు అప్లికేషన్లు తీసుకునేది మూడో ఏడాది మొదలైన సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లోనే ఎక్కువగా. అప్పటికి క్లాసు ఎవరికీ తెలియదు, టూ-వన్ వస్తుందని అనుకుంటున్నాను అని రాసే అప్లై చేస్తారు. 58 చూసి వెనకడుగు వేసి ఆ రెండు నెలలూ పోగొట్టుకుంటే నష్టం మార్కుల వల్ల వచ్చింది కాదు.

బంధువుల్లో ఎవరైనా సెకండ్ క్లాసా అని పెదవి విరిస్తే పట్టించుకోకండి. మన దగ్గర 60 దాటితే ఫస్ట్ క్లాస్ అంటాం, అక్కడ అదే 60కి అప్పర్ సెకండ్ అంటారు. బ్రిటన్‌లో ఫస్ట్ క్లాసుల సంఖ్య ఈమధ్య బాగా పెరిగిన మాట నిజమే. ఇంగ్లండ్‌లో 2010-11లో నూటికి 16 మందికి వస్తే కోవిడ్ రోజుల్లో, 2020-21లో 37 మందికి పైగా వచ్చింది. పిల్లలు నష్టపోకూడదని అప్పుడు రూల్స్ సడలించారు. నియంత్రణ సంస్థ కన్నెర్ర చేశాక మళ్లీ తగ్గింది. తక్కువ మార్కులు వచ్చిన సబ్జెక్టులని లెక్కలోంచి తీసేసే పద్ధతి కొన్నిచోట్ల ఉండేది, దాన్ని కూడా ఆ సంస్థ అనుమానంగా చూస్తోంది. కాబట్టి సీనియర్ ఎవరికో 45 పేపరు తీసేసి లెక్కకట్టారని విన్నా, రెగ్యులేషన్స్‌లో ఆ మాట కనబడేదాకా నమ్మవద్దు. ఇండియా వచ్చి ఉద్యోగానికి అప్లై చేసేటప్పుడు పర్సంటేజీ అని గడి ఉంటే ఉన్న మార్కే వేసి, మార్కుల లిస్టుతో పాటు అక్కడి క్లాసుల స్కేలు చూపించే కాగితం జత చేయాలి.

మీరు మాత్రం యూనివర్సిటీకి మెయిల్ పెట్టకండి. ఫీజు కట్టింది మీరే అయినా, 18 దాటిన విద్యార్థి మార్కుల గురించి ఆమె అనుమతి లేకుండా తల్లిదండ్రులతో కూడా మాట్లాడరు, అక్కడి చట్టం ఒప్పుకోదు. పైగా మెయిల్ సంగతి తెలిస్తే మీ అమ్మాయి చిన్నబుచ్చుకుంటుంది. తన బాగోగులు చూసే టీచర్, అంటే పర్సనల్ ట్యూటర్‌కి, తననే రాయమనండి. రెండో ఏడాదికీ మూడో ఏడాదికీ వెయిటేజీ ఎంత, యావరేజ్‌ని ఎక్కడ రౌండ్ చేస్తారు, హద్దు మీద ఉన్నవాళ్లకి ఏ రూల్ వర్తిస్తుంది, ఈ మూడూ అడిగితే చాలు. డిసర్టేషన్‌కి గైడ్ ఎవరో ఇప్పుడే తెలుసుకుని సెలవుల్లోనే ఒక మెయిల్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

వీసాకి క్లాసు కోసం ఆగక్కర్లేదు. ఏ క్లాసు వచ్చినా డిగ్రీ పాసైతే గ్రాడ్యుయేషన్‌కి పిలుస్తారు. విజిటర్ వీసాకి ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచీ అప్లై చేయొచ్చు, మామూలుగా మూడు వారాల్లో తేలుస్తారు. వేడుక తేదీ ప్రకటించగానే ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి. టికెట్ మాత్రం తేదీ మార్చుకునే వీలున్నది తీసుకోండి. వేసవిలో రీసిట్ పడితే డిగ్రీ ఆలస్యమై, జూలై వేడుక తప్పిపోయి తర్వాతి వేడుకకి వెళ్లాల్సి రావచ్చు. అతిథులకిచ్చే పాసులు చాలాచోట్ల ఇద్దరికే ఉంటాయి. ఆడపడుచుగారు కూడా వస్తానంటే ఆ సంగతి ముందే చెప్పండి.